గజం గుడ్డ గొడవ

ఆ మధ్య కృష్ణాజిల్లాలో ఓ చిన్న ఊరి మహిళా కళాశాలవారు, వ్యాసరచన పోటీలో నెగ్గిన పిల్లలకి బహుమతులివ్వడానికి రమ్మని నన్ను పిలిచారు. నవలలు రాసేవాళ్ళకి ఇలాంటి పిలుపులు వస్తూనే వుంటాయి. ఓ శాలువా కప్పుతారు, ఓ ప్లాస్టిక్ పూలగుత్తి ఇస్తారు, 'రచయిత్రిగా మీకు ప్రేరణ ఎవరు?' అని అడుగుతారు. సరేనని వెళ్ళాను.

మూడో బహుమతీ, రెండో బహుమతీ అయ్యాయి. మొదటి బహుమతికి పేరు చదవగానే వెనక వరసలోంచి నల్ల బురఖాలో ఒకమ్మాయి లేచి వచ్చింది. మొహం కనిపిస్తూనే వుంది. చురుకైన కళ్ళు, ముక్కు మీద చిరు చెమట. వాళ్ళ ఊరి చెరువు గురించి తను రాసిన వ్యాసం నేను అంతకు ముందే చదివాను. చాకిరేవు బండ మీద సబ్బు నురగ, ఎండాకాలం చెరువు ఎండిపోతే మధ్యలో మిగిలే మడుగూ, అందులో పిల్లలు పట్టే చేపపిల్లలూ, అన్నీ కళ్ళకి కట్టినట్టు రాసింది. అందుకే మనస్ఫూర్తిగా మెచ్చుకుందామనుకున్నాను. మైకు ముందు ఏమన్నానో తెలుసా?

"ఇంత చక్కటి తెలుగు నీకెలా వచ్చిందమ్మా?"

ఆ పిల్ల ఒక్క క్షణం నావంక చూసింది. తర్వాత నవ్వుతూ, "మా అమ్మ తిట్టేది తెలుగులోనేనండీ!" అంది.

హాలంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. కాని నవ్వుతూండగానే ఎక్కడో ముల్లు గుచ్చుకుంది. రెండో బహుమతి పిల్లని నేనీ ప్రశ్న అడగలేదు. మూడో బహుమతి పిల్లనీ అడగలేదు. వాళ్ళకి తెలుగు రావడంలో నాకే వింతా కనిపించలేదు. ఈ పిల్లకి రావడం మాత్రం వింతగా కనిపించింది. ఎందుకనీ? తలమీద గజం గుడ్డ వుంది గనక!

దూదేకుల ఇళ్ళల్లో తరతరాలుగా తెలుగే ఇంటి భాష అని నాకు తెలియదా? పిఠాపురంలో ఉమర్ ఆలీషా కవిగారు తెలుగు పద్యాలు రాశారని నేను బి.ఏ.లో చదువుకోలేదా? తెలుసు, చదువుకున్నాను. అయినా బురఖా కనబడేసరికి ఆ చదువంతా ఎటో పోయింది.

అక్కడితో అయిపోతే బాగానే వుండేది. సభ అయ్యాక ప్రిన్సిపాల్‌గారి గదిలో బజ్జీలూ కాఫీలూ పెట్టారు. లెక్చరర్లంతా చేరారు. "పాపం, ఎంత తెలివైన పిల్లండీ! ఆ ముసుగులో మగ్గిపోతోంది" అన్నారొకరు. "చెప్పినా వినరండీ, వాళ్ళు మారరు" అన్నారింకొకరు. "ఏమనుకోకండి గాని, బస్సులో ఆ నల్ల ముసుగులు పక్కన కూర్చుంటే నాకు గుండె దడదడలాడుతుంది. ఆ సంచుల్లో ఏముంటుందో ఎవరికి తెలుసూ!" అన్నారు మూడో ఆవిడ. అందరూ మర్యాదస్థులే. చదువుకున్నవాళ్ళే. నేనేం చేశానూ అంటే, బజ్జీ తిన్నాను. ఒక్క మాట మాట్లాడలేదు. ఆ బజ్జీ నాకింతవరకూ అరగలేదు. ఈ వ్యాసం అందుకే.

ముందుగా ఒక మాట చెప్పేస్తాను, లేకపోతే నన్ను అపార్థం చేసుకుంటారు. బురఖా నాకు నచ్చదు. మగవాడి చూపు చెడ్డది గనక ఆడది కప్పుకు తిరగాలనే సిద్ధాంతం ఏ మతం నుంచి వచ్చినా నాకు గిట్టదు. దొంగ వీధిలో వుంటే ఇంటాయన్ని సంకెళ్ళేసి కూర్చోబెట్టినట్టుంటుంది ఆ న్యాయం. అది వేసుకోని ఆడపిల్లని చెడ్డదని చెప్పే పెద్దమనుషులంటే నాకు ఒళ్ళుమంట. కాని 'నీ బట్ట నాకు నచ్చలేదు' అనడం వేరు, 'నువ్వే నాకొద్దు' అనడం వేరు. మొదటిది అభిప్రాయం. రెండోది దురభిమానం. మన చుట్టూ వున్నవాళ్ళు మొదటిది చెబుతున్నామనుకుంటూ రెండోది చెబుతున్నారు. నా పోట్లాట దానితోనే.

మొట్టమొదట, అసలీ ముసుగు మనకి పరాయిదా? మా నాయనమ్మగారి పెద్దక్క మా ఇంట్లోనే వుండేది. నా ఆరో ఏట పోయింది. తొమ్మిదో ఏట పెళ్ళి, పదకొండో ఏట వైధవ్యం. మొగుడి మొహం సరిగ్గా గుర్తు కూడా లేదని నవ్వుతూ చెప్పేదట. నెలకోసారి దొడ్డి గుమ్మం దగ్గర క్షురకుడు వచ్చి కూర్చునేవాడు. ఆవిడ తల మీంచి తెల్లని ముతక చీర కొంగు ఎప్పుడూ జారేది కాదు. జారితే మా పిల్లలం చూసి దడుచుకుంటామని ఆవిడ భయం. డెబ్భై ఏళ్ళకి పైగా ఆ ముసుగులోనే బతికి, అందులోనే పోయింది. దాన్ని మేం 'మడి' అన్నాం, 'ఆచారం' అన్నాం, ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టాం. 'ఆ సంచిలో ఏముందో' అని ఎవరూ దడుచుకోలేదు. పక్క వీధిలో బీబీగారు తల కప్పుకుంటే మాత్రం 'పాపం, బానిసత్వం!' అనుకున్నాం. మన ఇంటి ముసుగు పవిత్రమూ, పొరుగింటి ముసుగు అనాగరికమూనా? ఇదెక్కడి న్యాయమండీ?

జమీందారీ ఇళ్ళల్లో రాణివాసాల సంగతి చెప్పనే అక్కర్లేదు. పల్లకీకి తెరలు, మోటారు కార్లొచ్చాక కారు అద్దాలకి తెరలు. 'ఘోషా' అన్న మాట మన తెలుగిళ్ళల్లో ఎంత నలిగిందంటే, విశాఖపట్నంలోనూ విజయనగరంలోనూ ఆడవాళ్ళ ఆసుపత్రికి ఘోషాసుపత్రి అనే పేరు స్థిరపడిపోయింది. మద్రాసులో 1885లో పెట్టిన ఆసుపత్రి పేరే 'కులస్త్రీలకూ ఘోషా స్త్రీలకూ' అని వుండేది. పరపురుషుడైన డాక్టరుకి నాడి చూపించడంకన్న ప్రాణం పోవడం నయమనుకునే ఆడవాళ్ళు హిందువుల్లోనూ వున్నారు, ముస్లిముల్లోనూ వున్నారు. ఆ ఆసుపత్రి ప్రారంభించిన డాక్టరు మేరీ షార్లీబ్ ఏం చేసిందీ? 'ముందు ఘోషా తీసేయండి, ఆ తర్వాత పురుడు పోస్తాను' అందా? అనలేదు. ఆడ డాక్టర్లతో ఆసుపత్రి పెట్టింది. తెర పోవటానికి ముందే ప్రాణం నిలబడింది. ప్రాణం నిలబడితే గదా తెర సంగతి తర్వాత ఆలోచించుకోవడం!

చదువు విషయంలోనూ ఇంతే. బెంగాల్లో రొకేయా సఖావత్ హుస్సేన్ అని ఒక మహాతల్లి వుండేది. పరదాని ఆవిడ వెక్కిరించినంతగా ఎవరూ వెక్కిరించి వుండరు. 1905లోనే మగవాళ్ళని లోపల కూర్చోబెట్టి ఆడవాళ్ళు రాజ్యం ఏలుతున్నట్టు కథ రాసింది. అలాంటావిడ 1911లో కలకత్తాలో ముస్లిం ఆడపిల్లలకి బడి పెట్టి, పిల్లల్ని ఎలా రప్పించిందీ? నాలుగు వైపులా మూసేసిన బండిలో! లోపల గాలాడక పిల్లలు అల్లాడుతూంటే ఆవిడే బాధపడింది. అయినా ఆ బండి నడిపింది. ఎందుకంటే, బండికి తెర లేకపోతే పిల్ల రాదు, పిల్ల రాకపోతే అక్షరం లేదు. పరదా మీద పోరాడేవాళ్ళకి వుండవలసిన ఇంగితం అది.

మన హైదరాబాదులో సొగ్రా హుమాయూన్ మీర్జా తన బురఖా తనే తీసేసింది. ఆడపిల్లలకి బడి కూడా పెట్టింది. ఆవిడ ముసుగు మీద ఏ పోలీసూ చెయ్యి వెయ్యలేదు, ఏ గేటు దగ్గరా ఏ జవానూ ఆపలేదు. తన తల, తన గుడ్డ, తన నిర్ణయం. అందుకే అది సంస్కరణ అయింది.

ఇప్పుడు కర్ణాటక సంగతి చూడండి. 2021 చివర్లో ఉడుపిలోని ఒక ప్రభుత్వ జూనియర్ కళాశాలలో, తల మీద గుడ్డతో తరగతిలో కూర్చోవటానికి వీల్లేదని కొందరు అమ్మాయిల్ని ఆపేశారు. వాళ్ళు అడిగింది ఒళ్ళంతా కప్పే బురఖా కాదు, మొహం కప్పే నఖాబూ కాదు. తలా మెడా కప్పే హిజాబు. యూనిఫారం రంగు గుడ్డే కప్పుకుంటామని కూడా కోర్టులో చెప్పారు. మనవాళ్ళకి ఈ మూడింటికీ తేడా తెలియదు; తెలుసుకోవాలని కూడా లేదు. 2022 ఫిబ్రవరి 5న ప్రభుత్వం ఉత్తర్వు వేసింది. తర్వాత కొన్నాళ్ళకే, గేటు దగ్గర పంతులమ్మల చేతా పిల్లల చేతా ముసుగులు తీయించడం టీవీల్లో చూశాం. మండ్యలో ఒకమ్మాయి స్కూటరు దిగి నడిచి వెళుతూంటే, కాషాయ కండువాల కుర్రాళ్ళు గుంపుగా వెంటబడి అరవడమూ చూశాం.

నాకు సభాపర్వం గుర్తొచ్చింది. గుడ్డ లాగినవాడు దుశ్శాసనుడొక్కడే. కాని మన ఇళ్ళల్లో ముసలమ్మలు ఆ కథ చెప్పేటప్పుడు తిట్టేది వాణ్ణొక్కణ్ణేనా? తలలు వంచుకు కూర్చున్న భీష్ముణ్ణీ, ద్రోణుణ్ణీ కూడా తిడతారు. 'అది చీర, ఇది ముసుగు, రెండూ ఒకటేనా?' అంటారేమో. ఎంత గుడ్డ అన్నది కొలిచే పని దర్జీది. పదిమంది ఎదుట ఒక ఆడదాని ఒంటి మీది గుడ్డని ఆమెకి ఇష్టం లేకుండా తీయించడం ఏమిటన్నదే ప్రశ్న. ఇక ఆ కళాశాల గదిలో బజ్జీ తింటూ కూర్చున్న నేనెవర్ని? భీష్ముడి పక్క కుర్చీ నాదే.

సరే, ఎదుటివాళ్ళ వాదనలు కూడా విందాం.

'యూనిఫారం అంటే యూనిఫారమే' అంటారు. చాలా బాగుంది. కార్తీకం వచ్చేసరికి మన ఊళ్ళల్లో అయ్యప్ప మాల వేసుకున్న పిల్లలు నల్లబట్టలతో, చెప్పుల్లేకుండా బడికొస్తారు. ఆఫీసుల్లో గుమాస్తాలొస్తారు. వాళ్ళని మనం 'స్వామీ' అని పిలుస్తాం. ఏ బడిలోనైనా అడ్డుపెడితే ఊరంతా వచ్చి గేటు ముందు నిలబడుతుంది. నిలబడాలి కూడా! సర్దార్జీ పిల్లవాడి తలపాగా, మన పిల్ల బొట్టూ, మొలకి తాయెత్తూ, మెడలో శిలువా, ఇన్నిటికి చోటిచ్చిన యూనిఫారం ఆ గజం గుడ్డ దగ్గరే చిరిగిపోతుందా? నల్లరంగు నలభై రోజులైతే భక్తి, ఏడాదంతా అయితే భయమూనా?

'వాళ్ళిష్టమై వేసుకోరండీ, ఇంట్లో బలవంతం' అంటారు. కొందరి విషయంలో నిజమే. కాదనను. తండ్రి మాట కాదనలేక వేసుకునేవాళ్ళున్నారు. అత్తగారి పోరు పడలేక వేసుకునేవాళ్ళున్నారు. భక్తితో వేసుకునేవాళ్ళున్నారు. 'ఇది నా గుర్తింపు, దీన్ని చూసి వెక్కిరిస్తారు గనకే వేసుకుంటాను' అనే రోషగత్తెలూ వున్నారు. ఎవరెందుకు వేసుకున్నారో బయట నుంచి చూసి చెప్పగలిగేంత దివ్యదృష్టి మనకెక్కడిది? పోనీ, బలవంతమే అనుకుందాం. ఇంట్లో 'వేసుకుంటేనే బయటికెళ్ళు' అన్నారు. గేటు దగ్గర 'తీసేస్తేనే లోపలికి రా' అన్నారు. ఆ పిల్ల ఎక్కడికి పోవాలి? తిరిగి ఇంట్లోకి. ఇంతకన్న తండ్రికి కావలసిందేముంది? బలవంతపెట్టినవాడికి శిక్ష లేదు, బలవంతానికి లొంగినదానికి చదువు లేదు. దీన్ని మనం విముక్తి అంటున్నాం!

'అదే నిజమైతే ఇరాన్‌లో ఆడవాళ్ళే ముసుగులు తగలబెడుతున్నారు గదా' అంటారు. ఈ మాట అనేవాళ్ళకి ఇరాన్ కథ సగమే తెలుసు. 1936లో అక్కడి రెజా షా ముసుగు నిషేధించాడు. వీధిలో పోలీసులు ఆడవాళ్ళ తలల మీంచి గుడ్డలు లాగేశారు. అవమానం పడలేక ఎందరో ఆడవాళ్ళు గుమ్మం దాటడమే మానుకున్నారు. 1979 విప్లవం తర్వాత వచ్చిన ప్రభుత్వం ముసుగు తప్పనిసరి చేసింది. 2022 సెప్టెంబరులో, ముసుగు సరిగా లేదని పోలీసులు పట్టుకుపోయిన మహ్సా అమీనీ అనే ఇరవై రెండేళ్ళ పిల్ల వాళ్ళ అధీనంలో వుండగానే ప్రాణం పోగొట్టుకుంది. దేశం అట్టుడికింది. ముసుగు తీయించిన పోలీసూ, వేయించిన పోలీసూ వేరు వేరు కాదండీ. ఇద్దరి చెయ్యీ ఆడదాని తల మీదే. అదే సంవత్సరం ఉడుపిలో పిల్ల 'నన్ను వేసుకోనివ్వండి' అంది, టెహరాన్‌లో పిల్ల 'నన్ను తీసెయ్యనివ్వండి' అంది. రెండు మాటల అర్థం ఒకటే: 'నా తల మీద చెయ్యి తీయండి' అని. ఒకరిని మెచ్చుకుని రెండోవారిని తిట్టేవాళ్ళు ఆడవాళ్ళ పక్షం కారు.

'కోర్టువారే తేల్చారు గదా' అంటారు. పూర్తిగా తేల్చలేదు. 2022 మార్చి 15న కర్ణాటక హైకోర్టు, హిజాబు ఇస్లాంలో తప్పనిసరి ఆచారం కాదంటూ ప్రభుత్వ ఉత్తర్వుని సమర్థించింది. అక్టోబరు 13న సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు చెరొక తీర్పూ ఇచ్చారు. జస్టిస్ హేమంత్ గుప్తా నిషేధాన్ని సమర్థించారు. జస్టిస్ సుధాంశు ధూలియా మాత్రం, ఇది ఆ పిల్ల ఇష్టానికి సంబంధించిన విషయమనీ, అన్నిటికన్న ముందు చూడవలసింది ఆడపిల్ల చదువేననీ అన్నారు. దాంతో కేసు పెద్ద ధర్మాసనానికి పంపించారు. అమ్మాయిల తరఫు వాదన కూడా మతం హక్కు చుట్టూ తిరిగిందనుకోండి. కాని నా మటుకు నాకు, గ్రంథంలో ఏం రాసి వుందన్నది రెండో సంగతి. ఆ పిల్ల మననడిగింది గ్రంథానికి వ్యాఖ్యానం కాదు, తరగతి గదిలో బెంచీ.

ఇక్కడ మన తెలుగువాడు ఒకాయన్ని తలుచుకోవాలి. కేరళలో ముగ్గురు క్రైస్తవ పిల్లలు తమ మత నియమం ప్రకారం జాతీయగీతం పాడలేదు. పాడేటప్పుడు మర్యాదగా లేచి నిలబడ్డారు, అంతే. 1985లో వాళ్ళని బడి నుంచి పంపేశారు. 1986లో సుప్రీంకోర్టులో జస్టిస్ ఓ. చిన్నపరెడ్డిగారు ఆ పిల్లల్ని తిరిగి చేర్చుకోమన్నారు. సహనం మన సంప్రదాయమనీ, దాన్ని పలచన చెయ్యొద్దనీ చెప్పారు. జాతీయగీతం పాడని పిల్లల్నే భరించగలిగిన బడి, తల కప్పుకున్న పిల్లని భరించలేదా?

ఆఖరి వాదన భయం. 'మొహం కనబడకపోతే భయమండీ!' పరీక్ష హాల్లో, బ్యాంకులో మొహం చూడాలంటే ఒక ఆడమనిషిని పెట్టి పక్కకి పిలిచి చూడండి, ఎవరూ కాదనరు. కాని భయం మొహం కనబడకపోవడం వల్లేనా? నాతో వచ్చి హైదరాబాదులో ఏ కూడలిలోనైనా నిలబడండి. స్కూటర్ల మీద వెళ్ళే అమ్మాయిల్లో సగంమంది ఎండకీ దుమ్ముకీ చున్నీలు చుట్టుకుని కళ్ళు మాత్రమే కనిపిస్తూ వెళుతూంటారు. 'ఎవరి బలవంతమమ్మా?' అని ఎవరైనా జాలిపడ్డారా? 2020లో కరోనా వచ్చి దేశమంతా ముక్కూ మూతీ కట్టుకుంటే, బ్యాంకులు నడిచాయి, కోర్టులు నడిచాయి, పెళ్ళిళ్ళు కూడా అయ్యాయి. మొహం కనబడకపోతే మనకేం భయం లేదు. ఆ గుడ్డ వెనకాల వున్న పేరంటేనే భయం.

ఆ భయం ఊరికే వుండదు, రోజూ పని చేస్తూంటుంది. మొన్నొక బట్టల షాపులో ఇద్దరు బురఖా ఆడవాళ్ళ వెనకే షాపు కుర్రాడు అడుగడుగునా తిరుగుతున్నాడు. నా చేతిలో వున్న సంచిలో రెండు పట్టుచీరలు దర్జాగా పడతాయి. నావంక చూడనైనా చూడలేదు! 'అద్దెకివ్వబడును' అని బోర్డు పెట్టిన ఇల్లు, ముసుగుతో వచ్చిన ఇల్లాలిని చూడగానే 'నిన్ననే ఇచ్చేశాం' అవుతుంది. మర్నాడు మళ్ళీ బోర్డు వుంటుంది. ఇవన్నీ చేసేది దుర్మార్గులు కారు. పూజలు చేసుకుని, పిల్లల్ని చదివించుకునే మనమే.

ఇంతకీ ఆ కాలేజీ పిల్ల సంగతి పూర్తి చెయ్యలేదు. నేను కారెక్కబోతూంటే పుస్తకం పట్టుకుని పరుగెత్తుకొచ్చింది, సంతకం కోసం. సంతకం పెడుతూంటే అడిగింది:

"మేడమ్, మీ నవలలన్నీ చదివాను. మాలాంటివాళ్ళు ఒక్కరూ లేరేమండీ?"

"ఎందుకు లేరూ..." అని ఏదో అనబోయి ఆగిపోయాను. వున్నారు. ఒకే ఒక్కరు. నా రెండో నవలలో హీరో బురఖా వేసుకుని లేడీస్ హాస్టల్లో దూరతాడు. సీరియల్‌గా వచ్చినప్పుడు ఆ సన్నివేశానికి పాఠకులు విరగబడి నవ్వారు. ఇన్నేళ్ళ రచనలో నేను బురఖా లోపల కూర్చోబెట్టింది ఒక మగవాణ్ణి!

ఆ పిల్ల ఆ నవల కూడా చదివే వుంటుంది. చదివి కూడా అంత మర్యాదగా అడిగింది.

జవాబు చెప్పలేక, "రాస్తానమ్మా" అన్నాను. అది తప్పించుకోవడానికన్న మాట. షాజహానా లాంటివాళ్ళు 'నఖాబ్' పేరుతోనే కవితల పుస్తకం వేసి, తమ సంగతి తామే రాసుకుంటున్నారు. నేను రాసి ఉద్ధరించవలసిందేమీ లేదు. నేను చెయ్యవలసిన పని వేరే వుంది. అందుకు నవల అక్కర్లేదు. ఈసారి ఏ గదిలోనైనా కాఫీ తాగుతూ ఎవరైనా 'పాపం, వాళ్ళు...' అని మొదలుపెడితే, బజ్జీ పక్కన పెట్టి, "ఆగండి, ఆ పిల్ల వ్యాసం మీరు చదివారా?" అని అడగాలి.

మీరూ అడగండి. మొదటిసారి గొంతు కాస్త వణుకుతుంది. ఫరవాలేదు. నోరు మూసుకు కూర్చున్న నాటి అజీర్తికన్న అదే నయం.